మూడేళ్ల గడువులో ముసలితనం ఇమడదు: పరిశోధన నిధుల కమిటీలకు బహిరంగ లేఖ

జీవశాస్త్ర పరిశోధన ప్రాజెక్టులను పరిశీలించి నిధులకు సిఫారసు చేసే నిపుణుల కమిటీల సభ్యులకు

నమస్కారాలు.

మీలో కొందరు నా విద్యార్థులు. మరికొందరి పక్కన కూర్చుని ఒకప్పుడు నేనూ దరఖాస్తులు చదివాను, మార్కులు వేశాను, కొన్నింటిని తిరస్కరించాను. కాబట్టి ఇక్కడ చెప్పబోయే తప్పులో నాకూ వాటా ఉంది.

విషయం నేరుగా చెబుతాను. వార్ధక్యం మీద పరిశోధనకు మనం సాధారణంగా ఇచ్చే గడువు మూడేళ్లు. ప్రయోగశాలలో పెరిగే తెల్ల ఎలుక ఆయుష్షు రెండున్నర నుంచి మూడేళ్లు. ప్రాజెక్టు మొదలైన రోజునే పుట్టిన ఎలుక కూడా ఇంచుమించు ప్రాజెక్టు ముగిసే నాటికే చనిపోతుంది. ఇక కొలిచేదెప్పుడు, సరిచూసుకునేదెప్పుడు, రాసేదెప్పుడు? ఈ లెక్క మీకెవరికీ తెలియనిది కాదు. అయినా దరఖాస్తు ఫారంలో మూడు సంవత్సరాలకు మూడు గడులే ఉంటాయి. పరిశోధకులు ఆ గడుల్లో పట్టే ప్రశ్నలే అడుగుతున్నారు, పట్టని ప్రశ్నలు వదిలేస్తున్నారు.

నా దగ్గర ఒక పాత రిజిస్టరు ఉంది. నలభై ఎనిమిది తెల్ల ఎలుకలకు నలభై ఎనిమిది పేజీలు. ప్రతి పేజీ పైన పుట్టిన తేదీ, కింద వారం వారం బరువు, అట్టడుగున చనిపోయిన తేదీకి ఒక గడి. పదిహేడు పేజీలలో ఆ గడిలో పదిహేడు వేర్వేరు తేదీలు ఉన్నాయి. మిగిలిన ముప్పై ఒక్క పేజీలలో ఒకే తేదీ ఉంది. అది మా ప్రాజెక్టును ఇక నడపలేక ఆపేసిన తేదీ.

జరిగింది ఇది. మంజూరు ఉత్తర్వు వచ్చాక మొదటి విడత సొమ్ము చేతికి రావడానికి, జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతికి, పరిశోధక విద్యార్థి నియామకానికి కలిపి దాదాపు ఏడాది గడిచింది. ఎలుకలు పుట్టి, పెరిగి, ఇరవై మూడో నెలకు వచ్చేసరికి గడువు తీరింది. పొడిగింపు కోరుతూ మూడు ఉత్తరాలు రాశాను. ఆరు వారాలు దాణా నేనే కొన్నాను. విద్యార్థికి ఫెలోషిప్ ఆగిపోయింది, అతను ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. జంతుశాలలో ఎలుకలను కనిపెట్టుకుని ఉండే మనిషికి జీతం ఇచ్చే దారి లేకపోయింది. చివరకు నిబంధనల ప్రకారం, నొప్పి తెలియకుండా, ఆ ముప్పై ఒక్క ఎలుకలనూ ఒకే రోజున చంపాం. ఏ సంస్థ, ఏ అధికారి అన్నది ఇక్కడ అనవసరం. వారు నియమం తప్పలేదు. నా బాధంతా ఆ నియమం గురించే.

ఆ రోజు పోయినది డబ్బు ఒక్కటే కాదు. ఆయుష్షు మీద ప్రయోగంలో ముందుగా చనిపోయే జంతువులు చెప్పేది కొంతే. చివరి దాకా మిగిలేవే అసలు సంగతి చెబుతాయి, ఎందుకంటే దీర్ఘాయువు అంటే అవే. మేం తెలుసుకోవాలనుకున్నది సరిగ్గా ఆ ముప్పై ఒక్క ఎలుకల గురించి.

ఈ రంగం ఎలా పుట్టిందో మీకు గుర్తు చేయాలనిపిస్తోంది. మీరు చదివినవే అయినా, నిధులిచ్చేవారి వైపు నుంచి ఆ కథను మళ్లీ ఒకసారి చూడండి.

సి. ఎలిగాన్స్ మట్టిలో బతికే నులిపురుగు. పొడవు ఒక మిల్లీమీటరు, ఒళ్లంతా పారదర్శకం, వయోజన దశలో 959 శరీర కణాలు. కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ దీన్ని జన్యుశాస్త్రానికి పనికొచ్చే జీవిగా తీర్చిదిద్దారు. రెండు మూడు వారాల్లో పుట్టి, పెరిగి, ముసలిదై చనిపోతుంది. ఎలుకతో మూడేళ్లు పట్టే పని దీనితో నెల రోజుల్లో తేలుతుంది.

1976లో మైఖేల్ క్లాస్ అనే యువ శాస్త్రవేత్త, డేవిడ్ హర్ష్‌తో కలిసి ఈ పురుగు గురించి ఒక వింత సంగతి ప్రకటించారు. తిండి కరువైనప్పుడు పిల్ల పురుగు డావర్ అనే దశలోకి వెళుతుంది. నోరు మూసుకుపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది, నెలల తరబడి అలాగే ఉండగలదు. తిండి మళ్లీ దొరికితే ఆ దశ విడిచి బయటికి వచ్చి, మామూలు పురుగులాగే తన రెండు మూడు వారాలూ బతుకుతుంది. డావర్ దశలో గడిపిన కాలం దాని వయసులో జమ కానట్టే.

తర్వాత హ్యూస్టన్‌లో క్లాస్ మరింత కష్టమైన పని తలకెత్తుకున్నారు. పురుగుల్లో రసాయనంతో జన్యుమార్పులు కలిగించి, వాటి సంతతుల్లో ఎక్కువ కాలం బతికేవి ఏవైనా ఉన్నాయా అని వెతకడం. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ ఈ పురుగు కొద్ది రోజుల్లోనే మూడు వందల దాకా పిల్లల్ని పెడుతుంది. వారం తిరిగేసరికి పళ్లెంలో తల్లి ఏదో పిల్ల ఏదో తెలియదు. అందుకని వేడిలో పెంచితే పిల్లలు పుట్టని రకాన్ని ఎంచుకున్నారు. ఆ తర్వాత రోజూ సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క పురుగునూ సన్నని తీగతో తాకి చూడాలి. కదిలితే బతికి ఉన్నట్టు, కదలకపోతే చనిపోయినట్టు. వేల సంతతులను ఇలా తాకి చూసి, 1983లో ఎనిమిది దీర్ఘాయువు రకాలను ప్రకటించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ఎనిమిదింటిని పరీక్షించిన క్లాస్‌కు వాటిలో ఎక్కువ భాగం తిండి సరిగా తినలేకపోతున్నట్టు కనిపించింది. తిండి తగ్గితే ఆయుష్షు పెరుగుతుందని అప్పటికే తెలుసు. అందువల్ల ఆయుష్షును ప్రత్యేకంగా శాసించే జన్యువులు చాలా అరుదై ఉండాలి, లేదా ఎన్నో జన్యువులు కలిసి దాన్ని నిర్ణయిస్తూ ఉండాలి అని నిజాయితీగా రాశారు. కొంతకాలానికి విశ్వవిద్యాలయం వదిలి పరిశ్రమలో చేరిపోయారు. మన కమిటీలో ఆ నివేదిక చదివి ఉంటే మనం ఏమి రాసేవాళ్లం? ఆశించిన ఫలితం రాలేదు, కొనసాగింపు అవసరం లేదు అనే కదా.

అదృష్టవశాత్తు ఆ పురుగులు పారవేతకు గురి కాలేదు. ఈ పురుగులను గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాచవచ్చు, కరిగిస్తే మళ్లీ కదులుతాయి. క్లాస్ వాటిని థామస్ జాన్సన్‌కు ఇచ్చారు. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్న జాన్సన్ కూడా ఆయుష్షు ఎన్నో జన్యువుల ఉమ్మడి పని అని నమ్మినవారే. విలియం వుడ్‌తో కలిసి 1982లో ఆయన ప్రకటించిన ఫలితాలు కూడా ఆ దారిలోనివే. అంతే కాదు, అప్పటి పరిణామ శాస్త్ర ఆలోచన కూడా అదే. పిల్లల్ని కన్నాక ప్రకృతికి మన మీద పట్టు సడలుతుంది, శరీరం వేయి చోట్ల వేయి రకాలుగా శిథిలమవుతుంది, అలాంటప్పుడు ఒక్క జన్యువు మార్చితే ఏమవుతుంది అని.

తన నమ్మకానికి ఎదురు వచ్చిన ఫలితాన్ని జాన్సన్ దాచలేదు. విద్యార్థి డేవిడ్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి 1988లో, ఆ దీర్ఘాయువుకు కారణం ఒకే ఒక్క జన్యువులోని మార్పు అని చూపారు. దానికి ఏజ్-1 అని పేరు పెట్టారు. 1990లో పూర్తి లెక్కలు ఇచ్చారు. 25 డిగ్రీల వేడిలో మామూలు పురుగు సగటున 15 రోజులు బతికితే ఈ రకం 25 రోజులు బతికింది. అన్నిటికంటే ఎక్కువ కాలం బతికిన పురుగుల ఆయుష్షు 22 రోజుల నుంచి 46 రోజులకు చేరింది. చివరి దాకా మిగిలిన పురుగులను చివరి దాకా లెక్కించారు కాబట్టే ఆ 46 అన్న అంకె మనకు దక్కింది.

ఇందులో ఒక పొరపాటు కూడా ఉంది, అది నాకు ఎంతో ఇష్టమైన పొరపాటు. 1988 నాటి వ్యాసంలో ఈ మార్పు వల్ల పురుగుకు సంతానశక్తి తగ్గుతుందని రాశారు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలన్న సిద్ధాంతానికి అది చక్కగా అతికింది. కానీ ఏళ్ల తర్వాత జాన్సన్ బృందమే దాన్ని మళ్లీ విడదీసి చూసి, ఆ లోపం ఏజ్-1 వల్ల కాదని, దానికి దగ్గరలోనే ఉన్న మరో జన్యువులోని మార్పు వల్ల అని తేల్చింది. తన తప్పును తానే దిద్దుకునేంత కాలం ఆ ప్రయోగశాల బతికి ఉంది. మన దగ్గర ఎన్ని ప్రయోగశాలలకు ఆ భాగ్యం ఉంది?

ఆ తర్వాతి పేరు మీ అందరికీ తెలిసినదే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సింథియా కెన్యన్. బ్రెన్నర్ దగ్గర శిక్షణ పొందిన ఆమె పురుగు పిండం ఎలా రూపుదిద్దుకుంటుందన్న అధ్యయనంలో పేరు తెచ్చుకున్నారు. వార్ధక్యం వైపు తిరిగినప్పుడు, అందులో కొత్తగా తెలుసుకునేది ఏముంటుందన్న తోటివారి ఉదాసీనతను ఎదుర్కొన్నానని ఆమె పలుమార్లు చెప్పారు. 1993లో ఆమె బృందం డాఫ్-2 అనే జన్యువులో మార్పు ఉన్న పురుగులు మామూలు వాటికి రెట్టింపు కాలం బతుకుతాయని, డాఫ్-16 అనే మరో జన్యువు లేకపోతే ఆ లాభం మొత్తం పోతుందని ప్రకటించింది. అవి ఊరికే ఊపిరితో ఉన్న పురుగులు కావు, చురుకుగా కదులుతున్న పురుగులు. ఆయుష్షుతో పాటు యౌవనమూ సాగింది.

డాఫ్-2 ఎక్కడిది? డావర్ దశను నియంత్రించే జన్యువుల్లో ఒకటి. 1976లో క్లాస్, హర్ష్ చూసిన వింతకు పదిహేడేళ్ల తర్వాత అర్థం దొరకడం మొదలైంది. బోస్టన్‌లో గ్యారీ రవ్‌కన్ బృందం 1996, 1997లలో మిగతా ముడి విప్పింది. డాఫ్-2 అంటే మన ఒంట్లోని ఇన్సులిన్ గ్రాహకానికి, అంటే కణం మీద ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కు, దగ్గరి చుట్టం. ఏజ్-1 అదే సంకేతాన్ని కణం లోపలికి అందించే ఎంజైము. క్లాస్ వదిలి వెళ్లిన పురుగు, కెన్యన్ పురుగు ఒకే తీగకు కాసిన కాయలు. తిండి బాగా దొరుకుతోందన్న సంకేతం బలంగా ఉన్నంత కాలం డాఫ్-16 జన్యువు తయారు చేసే ప్రోటీన్ కణకేంద్రకం బయటే ఆగిపోతుంది. సంకేతం బలహీనపడితే లోపలికి వెళ్లి, ప్రోటీన్లను, కణాలను కాపాడే జన్యువులను మేల్కొలుపుతుంది. కరువు కాలానికి శరీరం దాచుకున్న మరమ్మతు ఏర్పాటు అది. తర్వాత ఈగల్లో, చిట్టెలుకల్లో కూడా ఇదే దారి కనిపించింది.

మనుషుల సంగతికి వస్తే, 2008లో హవాయిలో డాఫ్-16కు మానవ రూపమైన ఫాక్సో3 జన్యువులోని ఒక తేడా, కనీసం 95 ఏళ్లు బతికిన 213 మంది పురుషుల్లో ఎక్కువగా కనిపించిందని బ్రాడ్లీ విల్‌కాక్స్ బృందం ప్రకటించింది. ఆ వృద్ధులు ఎక్కడ దొరికారు? 1965లో హోనొలులులో గుండె జబ్బుల అధ్యయనం కోసం జపాన్ మూలాలున్న 8,006 మంది పురుషుల పేర్లు రాసుకున్నారు. అప్పటికి డాఫ్-16 అన్న మాటే లేదు. నలభై మూడేళ్ల పాటు ఎవరో ఒకరు ఆ జాబితాను, ఆ రక్త నమూనాలను, ఆ మనుషులతో సంబంధాన్ని కాపాడుతూ వచ్చారు. ఆ ఎవరో ఒకరి జీతం గురించే నేను ఈ లేఖ రాస్తున్నాను.

మన దేశానికి ఈ ఓపిక కొత్తది కాదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే బరంపురంలో పుట్టిన మధుసూదన్ కానుంగో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కూర్చుని, వార్ధక్యం జన్యువుల వ్యక్తీకరణలో, అంటే అవి పనిచేసే తీరులో, వచ్చే మార్పుల వల్ల కలుగుతుందన్న ప్రతిపాదనను 1975లోనే చేశారు. అంటే ఏజ్-1కు పదమూడేళ్ల ముందు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య కల్లూరి సుబ్బారావు ఎలుక మెదడులో డీఎన్ఏ మరమ్మతు శక్తి వయసుతో ఎలా సన్నగిల్లుతుందో ఏళ్ల తరబడి చదివారు. ముసలి ఎలుకల నాడీకణాల సారంలో తగ్గిన ఆ శక్తి, పాలిమరేజ్ బీటా, లైగేజ్ అనే ఎంజైములు కలిపితే తిరిగి పుంజుకుంటుందని ఆయన బృందం చూపింది. దానికి ముసలి ఎలుకలు కావాలి. ముసలి ఎలుకను బజారులో కొనలేం, పెంచుకోవాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సంగతి చూడండి. 1918లో కూనూరులో చిన్న విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన ఆ సంస్థ తన తెల్ల ఎలుకల సంతతిని తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చింది. 1990లలో ఆ మందలోనే పుట్టుకతో ఊబకాయం వచ్చే ఎలుకలు కనిపించాయి. అవి మామూలు ఎలుకల కంటే త్వరగా ముసలివై త్వరగా చనిపోతాయి. ఊబకాయానికీ వార్ధక్యానికీ ఉన్న సంబంధం తెలుసుకోవడానికి అవి గొప్ప ఆధారం. దశాబ్దాల పాటు ఒకే సంతతిని రోజూ కళ్లారా చూసే మనుషులు అక్కడ ఉన్నారు కాబట్టే, తేడాగా ఉన్న ఎలుక కంటబడింది. మూడేళ్లకొకసారి మారిపోయే మనుషులకు ఆ తేడా తెలిసేది కాదు.

ఇక నా విన్నపాలు. వార్ధక్యం మీద వచ్చే ప్రాజెక్టులకు గడువును జంతువు ఆయుష్షుతో ముడిపెట్టండి. పురుగు మీద, ఈగ మీద అయితే మూడేళ్లు చాలు. చిట్టెలుక, తెల్ల ఎలుక మీద అయితే కనీసం ఆరేళ్లు కావాలి. మూడో ఏట సమీక్ష పెట్టండి, కఠినంగానే పెట్టండి. పని సరిగా జరగకపోతే ఆపండి. కానీ పని సరిగా జరుగుతూ జంతువు ఇంకా బతికి ఉందన్న కారణంతో మాత్రం ఆపకండి. నారు పోసినవాడు నీరు పోయడా అని మన పల్లెల్లో ధైర్యం చెప్పుకుంటారు. ఆ ధైర్యం మా జంతుశాలల్లో కూడా ఉండాలి.

గడువు తీరిన రోజున బతికి ఉన్న జంతువుల పోషణకు ఒక చిన్న నిధి విడిగా ఉంచండి. దాణా, పంజరాల శుభ్రత, ఒక మనిషి జీతం, అంతే. కొత్త యంత్రాలు అడగడం లేదు, విదేశీ ప్రయాణాలు అడగడం లేదు. అమెరికాలో జాతీయ వార్ధక్య సంస్థ ముసలి ఎలుకలను, చిట్టెలుకలను తానే పెంచి పరిశోధకులకు అందిస్తుంది. ఒక యువ శాస్త్రవేత్త రెండేళ్లు ఎదురుచూడకుండా ఇరవై నాలుగు నెలల జంతువుతో పని మొదలుపెట్టగలదు. అలాంటి ఉమ్మడి జంతుశాల దక్షిణాదిలో ఒకటి, ఉత్తరాదిలో ఒకటి ఉంటే ఎంత మేలో ఆలోచించండి. హైదరాబాదులో దానికి కావలసిన అనుభవం ఉంది.

ఆలస్యాన్ని వైఫల్యంగా చూడకండి. ఇదే అమెరికా సంస్థ ఆయుష్షు పెంచగల మందులను మూడు వేర్వేరు ప్రయోగశాలల్లో ఏకకాలంలో పరీక్షించే కార్యక్రమం నడుపుతోంది. అందులో రాపమైసిన్ అనే మందును చిట్టెలుకల దాణాలో కలిపే పద్ధతి కుదరక పని బాగా ఆలస్యమైంది. ఈలోగా చిట్టెలుకలు 600 రోజుల వయసుకు, అంటే మన లెక్కలో అరవై దరిదాపులకు, చేరాయి. మన దగ్గర అయితే ఆ ప్రాజెక్టు అక్కడితో మూతపడేది. వారు ముసలి చిట్టెలుకలకే మందు పెట్టారు. మూడు చోట్లా ఆయుష్షు పెరిగింది. 2009లో వచ్చిన ఆ ఫలితం వల్లే, వయసు మీరాక మొదలుపెట్టినా ప్రయోజనం ఉంటుందని మొదటిసారి గట్టిగా తెలిసింది. అదే కార్యక్రమంలో రెస్వెరట్రాల్ అనే పేరుమోసిన పదార్థం మామూలు చిట్టెలుకల ఆయుష్షును పెంచలేదని కూడా తేలింది. ఆ ఫలితాన్నీ అంతే గౌరవంగా ప్రచురించారు. పని చేయదని రుజువైన మందు గురించి రాసిన పరిశోధకుడికి మన దగ్గర మార్కులు పడవు. ఈలోగా యౌవనం తిరిగి తెస్తామనే మాత్రలు మన ఫోన్లలో ప్రకటనలుగా దిగుతూనే ఉన్నాయి, పెన్షన్ మీద బతికే నా వయసువారు కొంటూనే ఉన్నారు. వారికి కాదని చెప్పగల సాక్ష్యం మనమే తయారు చేయాలి.

మనుషుల మీద అధ్యయనం గురించి ఒక్క మాట. 2017-18లో మొదటి విడత జరిగిన లాసీ సర్వే, అంటే భారతదేశంలో వార్ధక్యం మీద దీర్ఘకాలిక అధ్యయనం, 45 ఏళ్లు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72,000 మందికి పైగా భారతీయుల వివరాలు సేకరించింది. అదే మనుషులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పలకరించడం దాని అసలు ఉద్దేశం. ఆ జాబితాను కాపాడండి. 2011 జనగణన నాటికే 60 దాటినవారు పది కోట్లకు పైగా ఉన్న దేశం మనది. హోనొలులు జాబితా తమ మనవల కాలంలో ఎందుకు పనికొస్తుందో 1965లో దాన్ని రాసుకున్నవారికి తెలియదు.

దేశంలో పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది. ఐదేళ్లకు 50,000 కోట్ల రూపాయలన్నది దాని అంచనా. కొత్త ఫారాలు, కొత్త నియమాలు రూపుదిద్దుకునే కాలం ఇది. పాత మూడు గడుల ఫారం కొత్త కాగితం మీద మళ్లీ అచ్చు కాకముందే ఈ లేఖ మీకు చేరాలని రాస్తున్నాను.

మీ తదుపరి సమావేశానికి అనుమతిస్తే నా ఖర్చులతో వస్తాను. పది నిమిషాలు చాలు. ఆ రిజిస్టరు వెంట తెస్తాను. ముప్పై ఒక్క పేజీల అట్టడుగు గడిని మీరే చూడవచ్చు.

ఇట్లు
పదవీ విరమణ చేసిన ఒక జీవరసాయన శాస్త్ర ఆచార్యుడు
హైదరాబాదు